ఊ కొట్టని బాపు

"గేం తయారు చేస్తున్న" అని చెప్తే మా దిక్కు మనుషులు రెండు తీర్ల చూస్తరు. కొందరు, పాపం ఫోన్ల పత్తాలాడి ఆగమైనట్టుంది అని జాలిగ చూస్తరు. కొందరు, ఆడుకునుడు గూడ ఒక నౌకరేనా అని మూతి తిప్పుకుంట చూస్తరు. ఇద్దర్ల జాలిపడేటోళ్లే నయం. వాళ్లు చాయన్న పోస్తరు.

హైదరాబాద్‌ల నేను చేసింది గూడ గేంల నౌకరే. ఫోన్ల రంగురంగుల గోలీలు పలగ్గొట్టే గేం. గోలీ పలిగితే ఎట్ల మెరవాలె, ఎంత చప్పుడు రావాలె, ఆడేటోడు యాష్టొచ్చి ఫోన్ పక్కకు పెట్టకముందే ఇంకో గోలీ ఎట్ల పడాలె, గదే నా పని. అప్పుడు మాత్రం మావోళ్లందరికి నేను సాఫ్ట్‌వేర్. మా బాపు మా ఊరు పెద్దవంగర సెంటర్ల నిలబడి "మా బిడ్డ సాఫ్ట్‌వేర్" అని అడగనోళ్లకు గూడ చెప్పేటోడు. ఆ నౌకరి ఇడిసిపెట్టి జనగామ వచ్చి, ట్రాక్టర్ సామాన్ల దుకాణం మీద ఒక రూం కిరాయికి తీసుకొని, సొంతంగ కథ ఉన్న గేం ఒకటి చేస్త అన్ననో లేదో, సాఫ్ట్‌వేర్ పోయింది. "ఖాళీగ ఉంటాంది" అన్నది మిగిలింది.

జనగామ ఎందుకంటే, అటు హైదరాబాద్‌కు రైలున్నది, ఇటు ఇంటికి బస్సున్నది. రెండు దిక్కుల తిట్లు తినేటందుకు సరిగ్గ నడిమిట్ల ఉన్న ఊరు.

మా అమ్మ నన్ను కురవికి తోలుకపోయి, బిడ్డకు గీ గేం పిచ్చి వదిలిపోవాలె అని వీరన్నకు మొక్కింది. నేను గూడ అమ్మ పక్కనే నిలబడి, నా గేం పూర్తి కావాలె స్వామీ అని మొక్కిన. ఒక్క దేవునికి, ఒక్క ఇంటికెల్లి, ఒక్కపూటనే రెండు ఎదురెదురు మొక్కులు. ఆయన గూడ పరేషాన్ అయ్యే ఉంటడు. ప్రసాదం మాత్రం ఇద్దరికి సమానంగనే పెట్టిండ్రు.

గేంల ఏముంటదంటే, ఒక పిల్ల ఉంటది. చిన్న ఊర్ల కూసొని గేం చేస్తుంటది. కింది దుకాణమాయన అడిగిండు, "మరి ఆ పిల్ల చేసే గేంల ఏముంటది బిడ్డా?" అని. ఇంకో పిల్ల ఉంటదన్న. "ఆమె ఏం చేస్తది?" ఆమె గూడ గేమే చేస్తదన్న. ఆయన చేతుల ఉన్న బేరింగును అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మీ బాపుకు ఎరికేనా?" అన్నడు. మా దిక్కు ఏ కళకైనా ఆఖరికి వచ్చే ప్రశ్న గదే.

ఆ పిల్ల నెత్తిల ఒక కథ ఉంటది. దాన్ని ఒక్కొక్కరికి చెప్పుకుంట పోతది. కథ చెప్పేటందుకు నాకు ఒక మంచి గొంతు కావాల్సొచ్చింది. మా మేనత్త, అంటే బాపుకు సొంత అక్క, మొగుళ్లపల్లిల ఉంటది. ఆమె కథ చెప్తే పొయ్యి మీద కూర మాడినా ఎవరూ లేవరు. ఆమె మంచిదని నేనంటలేను. కోడళ్లను ఏడిపిస్తది, పక్కింటోళ్ల మీద లేనిపోనివి అంటది. గాని కథల కాడికి వచ్చేసరికి ఆమెను మించినోళ్లు లేరు. ఆ సంగతి ఆమెకు మనకంటె ఎక్కువ తెలుసు.

నేను మైకు పట్టుకొని పోయిన. గొంతు రికార్డింగే అత్తమ్మా, ఫోటో పడదు అని ముందుగాల్నే చెప్పిన. అయినా పట్టుచీర కట్టుకొని, నెత్తిల పూలు పెట్టుకొని కూసున్నది. నేను కిటికీలకు బొంతలు కట్టిన. ఫ్యాన్ బంద్ చేసిన. వాకిట్ల మిరపకాయలు ఏరే ఆడోళ్లను జరసేపు నవ్వకండ్రని బతిలాడిన. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని, కానియ్ అత్తమ్మా అన్న.

రెండు మాటలు చెప్పింది. నా మొకం దిక్కు చూసింది. నేను తలకాయ ఊపిన. ఇంకో రెండు మాటలు చెప్పింది. మళ్ల చూసింది. నేను బొటనవేలు లేపి చూపెట్టిన. ఆమె గొంతు సన్నవడుకుంట సన్నవడుకుంట పోయి, రేడియోల వానల వార్త చదివినట్టు అయ్యి, ఆఖరికి ఆగింది.

"నిద్రవోతున్నవా?"

"లేదత్తమ్మా, ఇంటున్న. నా చప్పుడు రికార్డింగ్ల పడొద్దని నోరు మూసుకున్న."

"నువ్వు ఊ కొట్టకుంటె నేనెవరికి చెప్పాలె? గోడకా?"

అని కొంగు దులుపుకొని లేచింది. కొంగుకు తట్టుకొని మైకు గూడ ఆమె ఎంట పోయింది.

ఆ పూట నాకు నామీద నాకే కోపం వచ్చింది. ఊ కొట్టుకుంట పెరిగినదాన్ని నేను. మా దిక్కు కథల చెప్పేటోళ్లది సగం, ఊ కొట్టేటోళ్లది సగం. ఊ ఆగిందంటె కథ ఆగినట్టే. అట్లాంటిది వీడియోలు చూసి రికార్డింగ్ నేర్చుకున్న తెలివికి, మొగుళ్లపల్లి మనిషిని బొంతల నడుమ కూసోబెట్టి, సప్పుడు లేకుంట కథ చెప్పుమన్న. గింత చదువు చదివిన ఎవ్వలైనా ఇసొంటి పనే చేస్తరు.

మర్నాడు చాయ పోసి, కాళ్లు మొక్కినంత పని చేసి మళ్ల కూసోబెట్టిన. ఈసారి నేను ఊ కొట్టిన. ఆమె గొంతు లేచింది. రాజు వచ్చిండు, అడివి వచ్చింది, రాక్షసి వచ్చింది. నేను మాత్రం ఓ కన్ను లాప్‌టాప్‌ల గొంతుకు తగ్గట్టు ఎగిరే గీతల మీద పెట్టి ఊ, ఊ అనుకుంట కూసున్న. అట్ల చెప్పుకుంట చెప్పుకుంటనే, "రాజు అలసిపోయి, తన తలకాయ తీసి చిలక్కొయ్యకు తగిలేసి పండుకున్నడు" అన్నది.

"ఊ" అన్న.

కథ ఆగింది. "తలకాయ తీసి తగిలేసిండట. నువ్వు ఊ అన్నవ్" అన్నది మా మేనత్త. వాకిట్ల మిరపకాయలేరే ఆడోళ్లు ఒక్కతీర్గ నవ్విండ్రు. నవ్వకండ్రి అని చెప్పిన మనిషిని నేనే గద, సిగ్గుతోని సచ్చిపోయిన.

ఆమె ఎప్పుడూ గంతే. దొంగ ఊ దొరకవట్టేటందుకు కథల నడుమ ఏదో ఒక అడ్డదిడ్డం మాట ఏస్తది. ఊ అన్నోడు దొరికిపోతడు. మళ్ల మొదటికెల్లి ఇనాలె. ఆ దినం బస్సుల జనగామ వచ్చుకుంట నా గేం నాకు దొరికింది. ఆడేటోని చేతిల తుపాకి ఉండది, బండి ఉండది. ఒక్క బటన్ ఉంటది. ఊ అనే బటన్. గేంల పిల్ల కథ చెప్తుంటది, నువ్వు ఆమె ఎదురుంగ కూసున్న మనిషివి. ఒకసారి వాళ్లమ్మవు, ఒకసారి దుకాణమాయనవు, ఒకసారి పాత ఆఫీసుల పెద్దసారువు. సరైన కాడ ఊ కొడితే బొమ్మలకు రంగులొస్తయి, కథ ఉరుకుతది. కొట్టకపోతే పిల్ల గొంతు సన్నవడి ఆగిపోతది. ఇనకుంట ఉత్తగ ఒత్తుకుంట పోయినవనుకో, రాజు తలకాయ కాడ దొరికిపోతవ్.

హైదరాబాద్‌ల ఒకాయన గేంలకు పైసలు పెట్టి బజార్లకు తెస్తడని తెలిసి, చేసినంత మటుకు పట్టుకొని పోయిన. ఆయన తెలుగాయనే. గాని తెలుగు మాట్లాడితే ఎవరన్నా చూస్తరేమో అన్నట్టు మాట్లాడ్తడు. కథ చూసి, "క్రియేటర్ స్ట్రగుల్ చాలా బాగుందండీ, కాస్త తగ్గించండి" అన్నడు. మా మేనత్త గొంతు ఇని, "ఈ యాస కామెడీకి అదిరిపోతుంది. ఎమోషన్‌కి మాత్రం మామూలు తెలుగు పెడదాం" అన్నడు.

"మేం ఏడ్చేటప్పుడు గూడ గిదే తెలుగుల ఏడుస్తం సార్" అన్న.

ఆయన నవ్విండు. అది గూడ కామెడీ అనుకున్నట్టుంది. ఆఖరికి గేంను నలుగురికి ఆడనిచ్చి చూస్తమన్నడు. ఆ నలుగురు ఆడి ఏం రాసిండ్రో చెప్పేటందుకు మళ్ల పిలిచిండు. కథను దాటేసే స్కిప్ బటన్ ఎందుకు లేదని ఒకరడిగిండ్రట. రాజు తలకాయ కాడ ఇంకొకరు కోపానికొచ్చిండ్రట, ఇనలేదని గేం మమ్మల్ని తిడుతదా అని. గవన్ని ఆయన సర్దుకుంటనన్నడు. సర్దుకోనిది ఒక్కటే.

"ఫాదర్ సీన్‌లో బటన్ పని చెయ్యట్లేదు. బగ్ ఉంది, ఫిక్స్ చేయండి."

బగ్గు కాదు. అది నేనే బంద్ పెట్టిన. ఆఖరి ఆటల నువ్వు ఆ పిల్ల బాపువు. పిల్ల వచ్చి ఎదురుంగ నిలబడి చెప్పుడు షురూ చేస్తది. ఊ బటన్ తెర మీద కనవడుతది. ఒత్తితే దిగది. ఎన్నిసార్లు ఒత్తినా దిగది. పిల్ల చెప్పి చెప్పి, గొంతు సన్నవడి, ఎల్లిపోతది. గేం అయిపోతది.

"అట్లా కుదరదండీ. క్లైమాక్స్‌లో ఫాదర్ కరగాలి. బటన్ ఓపెన్ చేసి, ఆయన ఊ అన్నట్టు పెట్టండి, వెనుక మ్యూజిక్ పెడదాం. లేకపోతే మేం రిలీజ్ చెయ్యలేం" అన్నడు.

రైలెక్కి వచ్చిన. లాప్‌టాప్ ముందల కూసున్న. ఆ సీన్ నాకు రాలె. రాయనని మంకుపట్టు పట్టి కాదు. మా బాపు ఊ అంటె ఎట్లుంటదో నాకు తెల్వదు. గొంతు కిందికెల్లి వస్తదా, ముక్కుల కెల్లి వస్తదా, ఒక్కటే ఊనా, సాగదీస్తడా? ఇననిది ఎట్ల రాయాలె?

మా బాపు చెడ్డోడు కాదు. కొట్టలె, తిట్టలె, చదువు ఆపలె. గాని ఆయన రాజకీయం మనిషి. సర్పంచ్ గావాలని తిరిగిండు, కాలె. అయినా ఎంట నలుగురు తిరుగుతరు. బాపు మాట్లాడుతుంటె వాళ్లు ఊ కొడుతరు. ఆయన ఎండకాలంల వాన పడుతుందన్నా ఊ అంటరు. మా మేనత్త కథల కూసోబెడితే ఒక్కడు గూడ రాజు తలకాయ దాటి పోడు. ఎప్పుడూ తనే చెప్పి చెప్పి, ఎదుటోళ్లు చెప్పింది ఇనుడు అనేది ఒకటుంటదన్న సంగతే ఆయన మర్చిపోయిండు.

నౌకరి ఇడిసిన దినం నేను ఇంటికిపోయి ఆయనకు అంతా చెప్పిన. వాకిట్ల కుర్చీల కూసున్నడు, చెవుకు ఫోన్ ఉన్నది. గోలీలు పలగ్గొట్టుడు ఎందుకు నచ్చలె, ఏం చేద్దామనుకుంటున్న, ఎంత భయమైతున్నది, అన్ని చెప్పిన. జనం ముందల ఏడువని దాన్ని, ఆడ ఏడ్చిన. ఆయన ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "అన్నం తిన్నవా?" అన్నడు. మళ్ల ఫోన్ల పడ్డడు. తినలేదని గూడ చెప్పకుంట లోపలికి పోయిన.

ఆ చెప్పిన మాటలనే గేంల పెట్టిన. మేనత్తను గీ సీన్‌కు గొంతియ్యమంటె ఇయ్యలె. "మా తమ్మునికి నేను చెప్పి చెప్పి అలసిపోయిన. నీ బాపుకు నువ్వే చెప్పుకో" అన్నది. అందుకని గా ఒక్క సీన్ల ఉన్నది నా గొంతు. నిజం చెప్పాలంటె, ఆ హైదరాబాద్ సారు నా గేంను తెచ్చినా తేకున్నా నేను బతుకుత. నాకు కావాల్సింది మా బాపు ఒక్కసారి కూసొని ఇనుడు. అది అయ్యేది కాదని తెలిసే, ఆడ బటన్ బంద్ పెట్టుకొని కూసున్న.

గిట్ల నడుస్తుండంగ, నా గేం ముచ్చట మొగుళ్లపల్లి కెల్లి పెద్దవంగర దాంక పోయింది. మేనత్త నోట్ల పడ్డంక ఆగుతదా. ఆడికి పోయేసరికి ముచ్చట ఎట్ల మారిందంటె, "అన్నను బిడ్డ గేంల పెట్టిందట" అని. ఎంట తిరిగేటోళ్లకు మా బాపు అన్న. ఒక పొద్దుగాల మా బాపు ఇస్త్రీ చేసిన తెల్లంగి తొడుక్కొని జనగామ దిగిండు. ఎంట ఎప్పుడూ తిరిగే ఒక పెద్దమనిషి గూడ వచ్చిండు. బాపు నా రూంల కాలువెట్టుడు గదే మొదలు. గోడలు చూసిండు, పొయ్యి చూసిండు.

"నేను ఏడ వస్త?" అన్నడు.

"ఆఖరికి వస్తవ్ బాపు."

"ఆఖరికి వస్తే మంచిదే. పెద్ద మనుషులు ఆఖరికే వస్తరు" అన్నడు.

"ఔనన్నా" అన్నడు ఎంటొచ్చినాయన.

"మళ్ల ఎలచ్చన్లు వస్తున్నయ్. జనం గూడ ఆడుతరా గిది?"

"ఆడుతరు బాపు."

"అయితె గేంల ఏదన్న ఒక గోడ మీద మన ఎలచ్చన్ గుర్తు గూడ పెట్టు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆయనను గేం ఆడకుంట ఆపుదామనుకున్న. మళ్ల, ఎందుకు ఆపాలె, ఆయనే వచ్చిండు గద అనిపించింది. గేం ఉన్న నా ఫోన్ చేతిల పెట్టి, ఊ బటన్ చూపెట్టి, చాయ పెట్టేటందుకు పొయ్యి కాడికి పోయిన. మొకం పొయ్యి దిక్కు తిప్పి నిలబడ్డ గాని చెవులు అటే ఉన్నయి.

మేనత్త గొంతు ఇనవడంగనే బాపు నవ్విండు. "మా అక్కనే" అన్నడు. ఒత్తుకుంట పోయిండు, బొమ్మలకు రంగులొచ్చినయి. రాజు తలకాయ తీసి తగిలేసుకున్న కాడ బాపు ఏలు ఆగింది. ఎంటొచ్చినాయన మాత్రం పక్కకెల్లి వంగి బటన్ ఒత్తిండు. మేనత్త గేంల కెల్లి తిట్టింది. "ఇనవేందిరా నువ్వు" అన్నడు బాపు. నాకు ఆశ్చర్యమైంది. చిన్నప్పుడు వాళ్లక్క కాడ ఈయన గూడ ఊ కొట్టుకుంట కూసున్నోడే గదా అని అప్పుడు తట్టింది.

చాయ పొంగింది, దించిన. అది సల్లారి, మళ్ల ఏడి చేసేసరికి ఆఖరి సీన్ వచ్చింది.

"బాపు, నీకొక ముచ్చట చెప్పాలె" అన్నది గేంల నా గొంతు.

తెర మీద కుర్చీ ఉంటది, వాకిలి ఉంటది. మనిషి కనవడడు. ఎందుకంటె ఆడుతున్న మనిషే బాపు. మా బాపుకు తను ఏడ వచ్చిండో సమజైనట్టుంది. టిక్కు టిక్కుమని తెర మీద ఏలు తాకుతున్న చప్పుడు వచ్చింది. నా గొంతు చెప్పుకుంట పోతున్నది, గోలీల సంగతి, భయం సంగతి. టిక్కు టిక్కు ఎక్కువైంది. నేను మర్లి చూసిన. బొటనవేలితోని గట్టిగ అదిమి పడుతుండు. గోరు తెల్లవడ్డది.

"గిది దిగుతలేదు" అన్నడు.

"ఫోన్ ఖరాబున్నదన్నా" అన్నడు ఎంటొచ్చినాయన.

తెర మీద పిల్ల గొంతు సన్నవడ్డది. "సరే బాపు, నీకు పనున్నట్టుంది" అని లోపలికి పోయింది. వాకిలి ఖాళీగ ఉన్నది. బాపు ఇంకా ఒత్తుతనే ఉన్నడు.

"నేను ఒత్తుతనే ఉన్న గదనే. ఎందుకు పోయింది గా పిల్ల?"

"అది ఒత్తినా దిగది బాపు. నేనే గట్ల చేసిన" అన్న.

"ఎందుకు చేసినవ్ గట్ల?"

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఇన్నేండ్లకు అడుగుతుండు, అది గూడ ఫోన్ గురించి. "నువ్వు ఊ అంటె ఎట్లుంటదో నాకు తెల్వదు. ఎన్నడన్న అంటె గద నేను గేంల పెట్టేటందుకు" అన్న. గొంతు పెద్దగనే లేచింది. కింది దుకాణంల గూడ ఇనవడే ఉంటది.

"ఊ" అన్నడు ఎంటొచ్చినాయన, అలవాటు కొద్ది.

"నిన్నెవడడిగిండు?" అన్నడు బాపు. "పో, కింద నిలబడు."

ఆయన చాయ గూడ తాగకుంట మెట్లు దిగిపోయిండు. బాపు జేబుల ఫోన్ మోగింది. తీసి చూసి, చప్పుడు బంద్ చేసి, మంచం మీద బోర్లేసిండు. మళ్ల మోగింది, అది బొంత మీద సన్నగ వణికింది. ఆయన దాని దిక్కు చూడలె. నాకున్నది ఒక్కటే కుర్చీ, దాన్ని నా దిక్కు జరిపి, తను మంచం మీద కూసున్నడు.

"చెప్పు" అన్నడు. "మొదటికెల్లి చెప్పు."

చాయ గిలాస కింద పెట్టి కుర్చీల కూసున్న. ఏం చెప్పాలె? ఇన్నేండ్లు నెత్తిల మోసినయి, గేంల పెట్టినయి, రైళ్ల ఒక్కదాన్నే గొణుక్కున్నయి, ఒక్కటంటె ఒక్కటి నోటికి రాలె. ఆయన మొకం చూస్తే భయమైంది, ఏడ దొంగ ఊ అంటడో అని గాదు, ఏడ నిజంగ ఇంటడో అని. బాపు గొంతు సవరించుకున్నడు. నేనింక నోరు తెరవకముందే, జర ముందలికి వంగి, "ఊ" అన్నడు.